గేర్‌బాక్సు చెడితే కారునే వదులుకోవాలా?

వాట్‌గంజ్ (కోల్‌కతా): పెట్రోలు ఖర్చు తగ్గుతుందన్న ఆశతో హైబ్రిడ్ కారు కొన్న మధ్యతరగతి కుటుంబానికి అసలైన పరీక్ష మరమ్మతు షెడ్డులో ఎదురవుతోంది. వారంటీ గడువు ముగిసిన కొంతకాలానికి గేర్‌బాక్సులో రొద మొదలవుతుంది. కంపెనీ వర్క్‌షాపుకు తీసుకువెళితే సాధారణంగా వినిపించే మాట ఒక్కటే: 'అసెంబ్లీ మొత్తం మార్చాలి'. ఆ అంచనా కాగితంపై వున్న మొత్తం చాలా సందర్భాలలో పాత కారు విలువలో పెద్ద భాగానికి సమానంగా వుంటుంది. వీధి చివరి మెకానిక్కు అంతకంటే తక్కువలో చేసిపెడతానంటాడు. అయితే ఆ యంత్రానికి సంబంధించిన మాన్యువల్ గాని, పరీక్షించే పరికరం గాని, అందుకు కావలసిన శిక్షణ గాని అతనికి అందుబాటులో లేవు. ఈ రెంటి మధ్య నలిగిపోతున్న యజమాని తీసుకునే నిర్ణయం పైకి సొంత వ్యవహారంగా కనిపించినా, దాని మూలాలు పరిశ్రమ పోకడలలోనూ, ప్రభుత్వ విధానంలోనూ వున్నాయన్నది గమనార్హం.

ఈ సమస్యను పరిశీలించడానికి వాట్‌గంజ్ తగిన చోటు. హుగ్లీ నదికి చేరువలో, ఖిద్దర్‌పూర్ డాక్‌ను ఆనుకొని వున్న ఈ పేటకు కర్నల్ హెన్రీ వాట్సన్ మీదుగా ఆ పేరు వచ్చింది. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్‌లో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన వాట్సన్ 1780 ప్రాంతంలో యిక్కడ ఓడల నిర్మాణానికి పూనుకున్నాడు. 1781లో 'నాన్‌సచ్' అనే ఓడ యిక్కడి నుంచే జలప్రవేశం చేసింది. డాక్‌ల నిర్మాణంపై ఆయన దాదాపు 10 లక్షల రూపాయలు వెచ్చించి, చివరకు ఆ పథకాన్నే వదులుకోవలసి వచ్చిందని చరిత్ర చెబుతోంది. ఎప్పుడు ఖర్చు పెట్టాలి, ఎప్పుడు చేతులు కడుక్కోవాలి అన్న ప్రశ్న ఈ పేట పుట్టుకలోనే వుందన్నమాట.

ఓడలను బాగుచేసే పనితో మొదలైన ఈ ప్రాంతంలో నేడు డాక్ గోడల వెంబడి ట్రెయిలర్లు, లారీలు బారులు తీరి వుంటాయి. వాటిని నమ్ముకొని బతికే మెకానిక్కులు, వెల్డర్లు, టైర్ల పనివారు రోడ్డు పక్కనే పని చేసుకుంటారు. గార్డెన్ రీచ్‌లో నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే, నేటి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం వుండడం వల్ల తెలుగువారికి కూడా ఈ పరిసరాలు కొత్తవి కావు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తిరిగినవారికి యిక్కడి చమురు వాసన, సుత్తి చప్పుడు పరిచయమైనవే. నాడు అంబాసిడర్ కారు చెడితే గేర్‌బాక్సును రోడ్డు పక్కనే విప్పి, అరిగిన పళ్లచక్రాన్ని మార్చి, సాయంత్రానికి బండిని తిరిగి యిచ్చే నేర్పు ఈ వీధులలో వుండేది. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన కొత్త తరం కార్ల ముందు ఆ నేర్పు నిస్సహాయంగా నిలబడవలసి వస్తోంది.

అన్ని హైబ్రిడ్లూ ఒకటి కావు

మరమ్మతు ఖర్చు గురించి భయపడే ముందు తన కారు ఏ రకం హైబ్రిడ్ అన్నది యజమాని తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయంలో స్పష్టత లేకపోవడం వల్లనే చాలామంది అనవసరపు ఖర్చుకు లోనవుతున్నారు.

భారతదేశంలో 2015లో మారుతి సియాజ్, ఎర్టిగా డీజిల్ కార్లతో ప్రచారంలోకి వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ పద్ధతి నిజానికి నామమాత్రపు హైబ్రిడ్. అందులో బెల్టుతో తిరిగే చిన్న విద్యుత్ యంత్రం ఇంజనును స్టార్టు చేయడానికి, కొద్దిపాటి ఊతమివ్వడానికి ఉపయోగపడుతుంది. గేర్‌బాక్సు మాత్రం మామూలు గేర్‌బాక్సే. క్లచ్చి ప్లేటు అరిగినా, సింక్రోనైజర్ రింగు పాడైనా సాధారణ మెకానిక్కు సాధారణ ధరకే బాగుచేయగలడు. కారు వెనుక 'హైబ్రిడ్' అన్న అక్షరాలు వున్నంత మాత్రాన హైబ్రిడ్ బిల్లు చెల్లించవలసిన అవసరం లేదు.

రెండవ రకానికి ఉదాహరణ 2008లో మన దేశంలో ప్రవేశించిన హోండా సివిక్ హైబ్రిడ్. ఇందులో ఇంజనుకు విద్యుత్ మోటారు తోడుగా వుంటుంది. ఆ శక్తి చక్రాలకు చేరేది సీవీటీ ద్వారా. అంటే రెండు కప్పీల నడుమ లోహపు బెల్టు జారుతూ వేగ నిష్పత్తిని మార్చే గేర్‌బాక్సు ద్వారా. ఈ బెల్టుకు, కప్పీలకు ప్రాణాధారం దానికోసమే తయారైన నూనె. ఆ నూనె పాతబడినా, దాని బదులు మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ పోసినా కారు బయలుదేరేటప్పుడు కుదుపు వస్తుంది. అలాంటి సందర్భంలో సరైన నూనె మార్చడంతోనే సమస్య తీరే అవకాశం వుంది.

మూడవ రకం టయోటా పద్ధతి. 2010లో వచ్చిన ప్రియస్, 2013లో బిడదిలో తయారీ మొదలైన కామ్రీ హైబ్రిడ్, 2022లో విడుదలైన హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ కార్లలోని బలమైన హైబ్రిడ్లు ఈ కోవకు చెందినవే. ఇందులో జారే బెల్టు లేదు, మార్చవలసిన క్లచ్చి లేదు. సూర్యుని చుట్టూ గ్రహాలవలె తిరిగే పళ్లచక్రాల కూర్పు ఒకటి, రెండు విద్యుత్ మోటార్లు ఒకే పెట్టెలో వుంటాయి. యాంత్రికంగా యిది మామూలు ఆటోమేటిక్ కంటే సరళమైనది, గట్టిది కూడా. అయితే మోటారు తీగచుట్టలో పూత దెబ్బతింటే గాని, బేరింగు అరిగితే గాని ఆ పెట్టెను విప్పి బాగుచేసేవారు అరుదు. అందుచేత మొత్తం మార్చడమే పరిపాటి అయింది.

నాలుగవది 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్ వంటి పద్ధతి. ఇందులో ఇంజను చాలావరకు విద్యుత్తు ఉత్పత్తికే పనిచేస్తుంది. చక్రాలను మోటారు తిప్పుతుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్చి ద్వారా ఇంజను నేరుగా చక్రాలకు జతపడుతుంది. సంప్రదాయ అర్థంలో దీనికి గేర్‌బాక్సే లేదని చెప్పవచ్చు. కాబట్టి 'గేర్‌బాక్సు పోయింది' అన్న మాట ఈ నాలుగు రకాలలో నాలుగు అర్థాలనిస్తుంది. ఏ అర్థంలో అన్నారో అడగకుండా డబ్బు చెల్లించడం వివేకం కాదు.

ముందు రోగనిర్ధారణ, తరువాతే శస్త్రచికిత్స

గేర్‌బాక్సు చెడినట్లు కనిపించే లక్షణాలన్నీ గేర్‌బాక్సువే కానవసరం లేదు. చక్రపు బేరింగు అరిగినా రొద వస్తుంది. ఇంజను మౌంటింగ్ రబ్బర్లు చిట్లినా కుదుపు తెలుస్తుంది. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ బలహీనపడితే డాష్‌బోర్డుపై ఒకేసారి అరడజను హెచ్చరిక దీపాలు వెలగవచ్చు. ఇన్వర్టరును చల్లబరిచే నీటి పంపు ఆగిపోతే కారు తనంతట తానే శక్తిని తగ్గించుకుంటుంది. పెద్ద బ్యాటరీలో కొన్ని సెల్లులు నీరసిస్తే కారు ఈడ్చుకుంటూ పోతుంది. ఇవన్నీ యజమానికి 'గేరు పట్టడం లేదు' అన్నట్లే అనిపిస్తాయి. చిన్న పంపు చెడినందుకు లక్షల విలువైన అసెంబ్లీని మార్చడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే. తేడా ఏమంటే యిక్కడ కొండ తవ్వకం కూలి యజమాని చెల్లించుకోవాలి.

అందువల్ల మొదటి ఖర్చు నిర్ధారణపైనే పెట్టాలి. కంప్యూటర్ స్కానరుతో కారు జ్ఞాపకంలో నమోదైన లోపాల సంకేతాలను చదివించి, వాటి ప్రతిని కాగితంపై తీసుకోవాలి. రెండవ అడుగుగా గేర్‌బాక్సు నూనెను కొద్దిగా బయటకు తీసి చూడాలి. మాడిన వాసన వస్తే వేడి ఎక్కువైనట్లు, లోహపు రజను మెరిస్తే లోపల అరుగుదల వున్నట్లు, పాలరంగుకు మారితే నీరు చేరినట్లు గ్రహించవచ్చు. మూడవది మోటారు తీగచుట్టల పూత బలాన్ని మెగ్గర్ పరికరంతో కొలవడం. ఈ మూడు పరీక్షల ఫలితం లిఖితపూర్వకంగా యివ్వకుండా అసెంబ్లీ మార్చాలని చెప్పే వర్క్‌షాపును, అది కంపెనీదైనా వీధిలోనిదైనా, నమ్మనక్కర లేదు. ఒకచోట వచ్చిన ఫలితాన్ని మరొకచోట సరిచూసుకోవడంలో తప్పు లేదు. వైద్యుని వద్ద రెండవ అభిప్రాయం కోరే కుటుంబం కారు విషయంలో మొహమాటపడడం విచిత్రం.

ఇదిలా వుండగా, కోల్‌కతావంటి నగరాలలో నీటి ముంపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 23న ఆ నగరంలో 24 గంటల వ్యవధిలో 250 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసి వీధులు జలమయమైన సంగతి విదితమే. నీటిలో నిలిచిన కారు గేర్‌బాక్సులోకి గాలి గొట్టం ద్వారా నీరు చేరవచ్చు. వెంటనే నూనె మార్చితే తప్పిపోయే నష్టం, కొన్ని నెలలు అలాగే నడిపితే బేరింగులను, తీగచుట్టలను బలిగొంటుంది. సమగ్ర బీమా పాలసీ వరద నష్టాన్ని పరిగణిస్తుంది గాని, సహజమైన అరుగుదలను, యాంత్రిక వైఫల్యాన్ని పరిగణించదు. మునిగిన కారును స్టార్టు చేయడం వల్ల జరిగిన నష్టంపై బీమా కంపెనీలు పేచీ పెట్టడం మామూలే. అందుకని ముంపుకు గురైన కారును కదిలించకుండా, ఫోటోలు తీసి, ముందుగా బీమా కంపెనీకి తెలియజేయడం మేలు. తరలించేటప్పుడు కూడా చక్రాలు నేలపై దొర్లేలా లాగరాదు. చక్రాలతోపాటు మోటారు తిరిగి విద్యుత్తు పుట్టే ప్రమాదం వున్నందున, కారు మొత్తాన్ని వేదికపై ఎక్కించి తీసుకువెళ్లే వాహనాన్నే పిలవాలి.

వారంటీ విషయంలోనూ ఒక అపోహ వుంది. బలమైన హైబ్రిడ్ కార్లకు కంపెనీలు ప్రకటించే 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ సాధారణంగా పెద్ద బ్యాటరీకి మాత్రమే వర్తిస్తుంది. గేర్‌బాక్సు మామూలు వారంటీ కిందికి వస్తుంది. ఆ గడువు ముగియడానికి ముందే వారంటీని పొడిగించుకొనే అవకాశం వుంటే, దానికి చెల్లించే సొమ్మును వృథా ఖర్చుగా భావించరాదు.

నాలుగు దారులు, ఒక లెక్క

లోపం గేర్‌బాక్సులోనే వున్నదని తేలిన తరువాత యజమాని ముందు నాలుగు దారులుంటాయి. కంపెనీ నుంచి కొత్త అసెంబ్లీ తెప్పించడం మొదటిది. చెడిన భాగాన్ని మాత్రమే మార్చగల నిపుణుని వెదకడం రెండవది. ప్రమాదంలో దెబ్బతిన్న మరో కారు నుంచి తీసిన అసెంబ్లీని బిగించుకోవడం మూడవది. ఉన్నదున్నట్లు కారును అమ్మివేయడం నాలుగవది. పాత విడిభాగాలకు కోల్‌కతాలో మల్లిక్ బజార్ పేరుపొందింది. అక్కడ దొరికే సరుకులో మంచిదీ వుంది, మూలం తెలియనిదీ వుంది. ఏ కారు నుంచి తీశారో ఆధారం చూపని భాగాన్ని కొనడం ఆర్థికంగానే గాక చట్టరీత్యా కూడా ప్రమాదకరం.

ఏ దారి చవకైనదన్నది ధరను చూసి చెప్పలేము. ఉదాహరణకు కేవలం ఊహాజనితమైన అంకెలతో లెక్క వేద్దాం. కొత్త అసెంబ్లీకి 3 లక్షల రూపాయలు అవుతుందనీ, దానితో కారు మరో 5 ఏళ్లు నడుస్తుందనీ అనుకుంటే నెలకు పడే ఖర్చు 5,000 రూపాయలు. పాత అసెంబ్లీ 1 లక్షా 20 వేలకే వచ్చి, 2 ఏళ్లు మాత్రమే నడిచిందనుకుంటే నెలకు పడేది అదే 5,000 రూపాయలు. పైగా రెండేళ్ల తరువాత మళ్లీ అదే బాధ. అదే పాత అసెంబ్లీ 4 ఏళ్లు నడిస్తే నెల ఖర్చు సగానికి తగ్గుతుంది. కాబట్టి ధర కంటే ముఖ్యమైనది ఎన్ని నెలలు నడుస్తుందన్న భరోసా. అమ్మేవాడు ఎన్ని నెలల హామీ కాగితంపై రాసి యిస్తాడన్నదే అసలు బేరం. నోటిమాటగా యిచ్చే ఏడాది హామీ కంటే రశీదుపై రాసిన ఆరు నెలల హామీకి విలువ ఎక్కువ.

రెండవ లెక్క కారు విలువకు సంబంధించినది. బాగుచేసిన కారు 5 లక్షలు, చెడిన కారు రెండున్నర లక్షలు పలుకుతుందనుకుంటే, అమ్మే ఉద్దేశంతో వున్న యజమాని రెండున్నర లక్షలకు మించి మరమ్మతుపై పెట్టడం నష్టదాయకం. కారును వుంచుకోదలచినవాడు మాత్రం ఆ ఖర్చును కొత్త కారుకు కట్టవలసిన నెలవాయిదాతో పోల్చి చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తరువాత సామర్థ్య పరీక్షతో అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. గడువు దగ్గరపడిన కారుపై కొత్త అసెంబ్లీ ధర పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 'ఇప్పటికే దీనిమీద చాలా పెట్టాం కదా' అన్న మమకారం మాత్రం లెక్కలోకి రాకూడదు. పోయిన సొమ్ము పోయినట్లే. ముందు పెట్టబోయే సొమ్ము ఏం తెస్తుందన్నదే ప్రశ్న. వాట్సన్ దొరకు ఈ వాస్తవం తెలిసివచ్చేసరికి పది లక్షలు నదీతీరపు మట్టిలో కలిశాయి.

పోటీ కమిషన్ చెప్పింది, పరిశ్రమ విన్నదెంత?

వ్యక్తి తన వంతు లెక్క ఎంత జాగ్రత్తగా వేసుకున్నా, విడిభాగం ఒకే చోట దొరికితే ఆ లెక్కకు అర్థముండదు. ఈ విషయాన్ని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న యిచ్చిన ఆదేశంలో స్పష్టంగా గుర్తించింది. విడిభాగాలను, సాంకేతిక సమాచారాన్ని, పరీక్షా పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేస్తున్నాయన్న ఆరోపణపై 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దేశీయ కంపెనీలు, విదేశీ కంపెనీలు అన్న తేడా లేకుండా దాదాపు ప్రముఖ సంస్థలన్నీ ఆ జాబితాలో వున్నాయి. అంతకు మూడు నెలల ముందే అంబాసిడర్ ఉత్పత్తిని నిలిపివేసిన హిందుస్థాన్ మోటార్స్ కూడా అందులో వుండడం విశేషం.

జరిమానా కంటే కమిషన్ యిచ్చిన సూచనలు ముఖ్యమైనవి. విడిభాగాలు బహిరంగ విపణిలో లభ్యం కావాలని, మరమ్మతుకు అవసరమైన సమాచారం స్వతంత్ర మెకానిక్కులకు అందుబాటులో వుండాలని కమిషన్ ఆదేశించింది. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దుచేసే షరతు పెట్టరాదని కూడా పేర్కొంది. బయటి మరమ్మతు లోపం వల్ల జరిగిన నష్టం మేరకే కంపెనీ బాధ్యత నుంచి తప్పుకోవచ్చునని దీని సారాంశం. అయితే ఈ ఆదేశం న్యాయస్థానాల గడప తొక్కింది. 2016 డిసెంబరులో పోటీ అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పును ధ్రువీకరిస్తూనే జరిమానాను బాగా తగ్గించింది. వ్యాజ్యాలు సాగుతున్న కొద్దీ సూచనల అమలు వెనుకబడింది. కారు యజమాని చేతికి దక్కింది ఆదేశపు ప్రతి మాత్రమే.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై ఒక కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతోపాటు మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా ఒక పోర్టల్ ప్రారంభమైంది. ఇది హర్షణీయమే. కాని కంపెనీలు తమంతట తాము యిచ్చే సమాచారంపై ఆధారపడిన పోర్టల్‌కూ, సమాచారం యివ్వకపోతే శిక్షించగల చట్టానికీ చాలా దూరం వుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఓటర్లు బ్యాలెట్ ద్వారానే కార్ల మరమ్మతు హక్కును ఆమోదించారు. ఐరోపా సమాజంలో 2010 నాటి నిబంధనలు స్వతంత్ర మెకానిక్కులకు సాంకేతిక సమాచారాన్ని నిరాకరించడాన్ని పోటీ చట్టపు పరిధిలోకి తెచ్చాయి. ధనిక దేశాల ప్రజలకు అవసరమనిపించిన రక్షణ మన ప్రజలకు అనవసరమని ఎవరూ అనలేరు.

కంపెనీల వాదనలో నిజమెంత?

కంపెనీల వాదనను పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. హైబ్రిడ్ కారులో నారింజ రంగు తీగలలో ప్రవహించేది ప్రాణం తీయగల విద్యుత్తు. ప్రియస్ బ్యాటరీ వోల్టేజి 200కు పైబడినది. దానిని ఇన్వర్టరు ఇంకా పెంచుతుంది. సర్వీస్ ప్లగ్గును తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేవరకు వేచివుండి, విద్యుత్ నిరోధక తొడుగులు ధరించి పనిచేయవలసి వుంటుంది. ఈ క్రమం తెలియని వ్యక్తి పెట్టెను విప్పితే నష్టపోయేది కారు మాత్రమే కాదు. నకిలీ విడిభాగాలు, దొంగ విడిభాగాలు మార్కెట్లో వున్నాయన్నదీ కాదనలేని నిజమే.

అయితే ఈ వాదన నుంచి రావలసిన ముగింపు వేరు. ప్రమాదం వున్నది గనుక సమాచారం దాచాలనడం తర్కానికి నిలవదు. ప్రమాదం వున్నది గనుకనే సమాచారం అందరికీ అందాలి. జాగ్రత్తలు రాసిన పుస్తకం కంపెనీ బీరువాలో వున్నంత మాత్రాన వాట్‌గంజ్ మెకానిక్కు ఆ పని మానుకోడు. అతనికి పూట గడవాలి. యజమానికి కారు నడవాలి. పుస్తకం చూసి చేయవలసిన పనిని చూడకుండా చేస్తాడు. దాపరికం ప్రమాదాన్ని తగ్గించడం లేదు, కంటికి కనబడని సందులోకి నెడుతున్నదంతే. నకిలీ భాగాలకు గిరాకీ పెరగడానికి ప్రధాన కారణం అసలు భాగం దొరకకపోవడం, దొరికినా అందని ధరలో వుండడమేనన్న సంగతి పరిశ్రమకు తెలియనిది కాదు.

ప్రభుత్వం చేయవలసినవి

హైబ్రిడ్ కార్లపై ప్రభుత్వ విధానంలో మొదటి నుంచీ నిలకడ లేదు. 2015లో ప్రారంభమైన ఫేమ్ పథకం కింద నామమాత్రపు హైబ్రిడ్లకు కూడా రాయితీ యిచ్చి, 2017లో ఉపసంహరించారు. అదే ఏడాది జూలైలో వచ్చిన జీఎస్టీ కింద సెస్సుతో కలిపి వీటిపై 43 శాతం భారం పడింది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బలమైన హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన కొత్త రేట్లలో చిన్న హైబ్రిడ్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం పన్ను నిర్ణయించారు. ఈ చర్చ అంతా కారు కొనే రోజు చుట్టూనే తిరిగింది. కొన్న తరువాతి పదిహేనేళ్ల గురించి ఆలోచించినవారు తక్కువ. అదే సంస్కరణలో మోటారు విడిభాగాలన్నింటిపై పన్నును ఒకే 18 శాతం రేటు కిందికి తేవడం మాత్రం యజమానికి కలిగిన నిజమైన ఊరట.

ఇకపై చేయవలసినవి మూడున్నాయి. పోటీ కమిషన్ 2014లో చెప్పిన సూత్రాలను వ్యాజ్యాలతో నిమిత్తం లేకుండా చట్టరూపంలోకి తేవడం మొదటిది. మాన్యువల్, స్కానర్ సాఫ్ట్‌వేరు, విడిభాగం, ఈ మూడూ సహేతుకమైన ధరకు శిక్షణ పొందిన ఏ మెకానిక్కుకైనా లభించాలి. అసెంబ్లీ మొత్తంగానే గాక, లోపలి బేరింగు, సీలు, సెన్సరు విడివిడిగా అమ్మాలన్న నిబంధన అందులో వుండాలి.

రెండవది శిక్షణ. ఐటీఐలలో విద్యుత్ వాహనాల మెకానిక్కు కోర్సు వున్నది. అందులో చేరేది కొత్త కుర్రవాళ్లు. ఇరవై, ముప్పై ఏళ్లుగా షెడ్డులో పనిచేస్తున్న మేస్త్రి రెండేళ్ల కోర్సుకు వెళ్లలేడు. అతనికి కావలసినది అధిక వోల్టేజి జాగ్రత్తలపై కొద్దివారాల సాయంకాలపు తరగతి, ఒక ధ్రువపత్రం. ఖిద్దర్‌పూర్, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఆ తరగతులను షెడ్ల ముంగిటికే తీసుకువెళ్లాలి. ధ్రువపత్రం వున్నవానికే సమాచారం యిస్తామని కంపెనీలు కోరితే ఆక్షేపించనక్కర లేదు.

మూడవది పాత భాగాల క్రమబద్ధీకరణ. వాహనాల తుక్కు కేంద్రాలకు సంబంధించిన నిబంధనలు 2021 సెప్టెంబరులో వెలువడ్డాయి. ఆ నమోదిత కేంద్రాలలో కారును నుగ్గు చేసేముందు పనికివచ్చే అసెంబ్లీని తీసి, పరీక్షించి, ఏ వాహనానిదో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలిపే పత్రంతో అమ్మే ఏర్పాటు విస్తరించాలి. అప్పుడు పాత భాగం కొనడం జూదం కాకుండా పోతుంది. దొంగ సరుకుకు గిరాకీ దానంతట అదే పడిపోతుంది.

ఈలోగా యజమాని చేతిలో వున్న ఆయుధాలను మరచిపోరాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో వుంది. లోపభూయిష్టమైన సేవపై జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు వుంటే రుసుము కూడా లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. 1915 అన్న జాతీయ హెల్ప్‌లైన్ నెంబరుకు ఫోను చేసినా చాలా వివాదాలు కోర్టు వరకు వెళ్లకుండానే పరిష్కారమయ్యే వీలుంది. అయితే వీటన్నింటికీ ఆధారం రశీదు. కంపెనీ షోరూములోనైనా, వాట్‌గంజ్ షెడ్డులోనైనా పాత భాగాన్ని తిరిగి తీసుకోవడం, చేసిన పనిని కాగితంపై రాయించుకోవడం అలవాటు చేసుకోవాలి. పన్ను తప్పించుకోవడానికి రశీదు వద్దనుకున్నవాడు హామీని కూడా వదులుకున్నట్లే.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెరవకూడదంటారు. నేటి కారు యజమాని వెరుస్తున్నది ఖర్చుకు మాత్రమే కాదు. తన ఏనుగుకు అంకుశం ఒక్క దుకాణంలోనే దొరుకుతుందన్న సంగతి అతనిని ఎక్కువగా భయపెడుతోంది. పెట్రోలు ఆదా చేసే కారు అరిగిన ఒక బేరింగు కోసం తుక్కుకు చేరితే, అది ఆదా చేసిన పెట్రోలు వల్ల దేశానికి ఒరిగేదేమీ వుండదు. దిగుమతి బిల్లు తగ్గించాలని, పొగ తగ్గించాలని కోరే ప్రభుత్వం ఆ కారును పదిహేనేళ్లపాటు రోడ్డుపై వుంచగల మెకానిక్కును కూడా తన విధానంలో భాగంగా గుర్తించాలి. అంబాసిడర్‌ను దశాబ్దాలపాటు నడిపించినవి ఉత్తరపారా కర్మాగారం ఒక్కటే కాదు, ఇలాంటి వీధులలోని చేతులు కూడా. ఆ చేతులకు పుస్తకం, పరికరం, విడిభాగం అందించడం పాలకులకు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అందించకపోతే ఆ ఖర్చు ప్రతి యింటి పద్దులోనూ కనిపిస్తూనే వుంటుంది.